క్యామ్‌షాఫ్ట్‌తో పాటు చీటీ కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజన్ పని ముగిశాక బండిని స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా ఉంచి, హెడ్ కవర్ మీద రూపాయి బిళ్ళను నిలువుగా నిలబెట్టి చూపించడం మా గురువుగారు నేర్పిన అలవాటు. బిళ్ళ పడకపోతేనే ఆయన కూలి అడిగేవారు. గత నెల ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తెచ్చిన 2004 నాటి మారుతి ఎస్టీమ్ కారు మీద బిళ్ళ మాట అటుంచి, పానా కూడా నిలవలేదు. ఊగి ఊగి కింద పడింది.

ఇంజన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీయే క్యామ్‌షాఫ్ట్. కంపెనీది తీయించి, వేరే ఊళ్లో ఎక్కువ వేగం కోసం చేసిన పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్ వేయించుకున్నాడట. ఇంజన్ నిమిషానికి అయిదు వేల చుట్లు దాటాక బాగానే లాగుతోంది, కాదనను. స్లోలో మాత్రం మీటరు ముల్లు 600కు పడిపోతుంది, 1,300కు లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మూడుసార్లు ఆగి, వెనకవాళ్ల చేత తిట్లు తిన్నాడు. వేసినవారిని అడిగితే, రేసు క్యామ్ అంటే అంతేనని పంపేశారట.

అందులో సగమే నిజం. కవర్ విప్పి చూస్తే, క్యామ్‌ను ఇంజన్‌తో కలిపి తిప్పే టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పి ఉంది. అది క్యామ్ గుణం కాదు, చేతి తప్పు. సరిచేశాక ఊపు కొంత తగ్గింది. మిగిలినది మాత్రం క్యామ్‌దే. గాలి పీల్చే వాల్వు, పొగ వదిలే వాల్వు కాసేపు రెండూ తెరిచి ఉండే సమయం కంపెనీ క్యామ్‌లో తక్కువ, ఇందులో ఎక్కువ. వేగంలో అది మేలే. 800 చుట్ల దగ్గర మాత్రం కాలిన పొగ వెనక్కి తన్ని గాలి దారిలోకి వస్తుంది, ఆ గాలి గొట్టాల్లో (మేనిఫోల్డ్‌లో) ఉండే వ్యాక్యూమ్, అంటే ఇంజన్ పీల్చే బలం, పడిపోతుంది. ఈ బండి కంప్యూటర్ పెట్రోలు లెక్క కట్టేది ఆ వ్యాక్యూమ్‌ను చూసే. ఇంజన్ మీద బరువు పడిందనుకుని ఎక్కువ పోస్తుంది. నాలుగు ప్లగ్గులూ మసిబొగ్గులా ఉన్నాయంటే ఉండవా మరి!

నన్ను భయపెట్టింది అది కాదు. షెడ్డులో స్లోలో ఉంచి బ్రేకు రెండుసార్లు తొక్కాను. మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుంది. పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరు బతికేది కూడా ఆ వ్యాక్యూమ్ మీదే. ఆ సంగతి కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. ఫోనులో అమెరికా వీ8 బండ్లు దడదడమంటూ నిలబడి ఉంటే విని ముచ్చటపడ్డాడు. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్ చేసే ఆ చప్పుడు 1,300 సీసీ బండిలో ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది కుదరదని నేననడం లేదు. స్లో వెయ్యి దాకా పెంచి, కంప్యూటర్‌లో పెట్రోలు, ఇగ్నిషన్ లెక్కలు కొత్తగా రాయిస్తే చాలావరకు నిలబడుతుంది. అది వేరే ఖర్చు. అంతకంటే ముందు కావలసింది క్యామ్‌తో వచ్చే చీటీ. వాల్వు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి, ఎక్కడ మూసుకోవాలి, ఎంత లేవాలి, ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) ఎంత ఉంచాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. అది లేకుండా క్యామ్ బిగించమంటే కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టమన్నట్టే. అమ్మినవారికి ఫోను చేయించాను. చీటీ సంగతే తమకు తెలియదన్నారు.

విడిభాగాలు అమ్మేవారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇదే: చీటీ లేని క్యామ్ అమ్మకండి. స్లో పాడవుతుందని, బ్రేకు బిగుసుకోవచ్చని, కంప్యూటర్ పని ఉంటుందని బిల్లు మీద తెలుగులో రాసి ఇవ్వండి. వద్దనుకునేవాడు అక్కడే వద్దనుకుంటాడు.

అదృష్టం, పాత క్యామ్ డిక్కీలోనే ఉంది. దాన్నే మళ్లీ వేసి పంపాను. కొత్తదానికి నూనె రాసి, కాగితంలో చుట్టి షెడ్డులో అటక మీద పెట్టాను. చీటీ తెస్తే నేనే బిగిస్తానని కుర్రవాడికి చెప్పాను. ఇంకా తేలేదు.

- ఒక ఇంజన్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ