చెంచా ఆపడం ముందు నేర్పు

చికాగో,
ఫిబ్రవరి 9.

చి.సౌ. సుజాతకి అక్క దీవెనలు.

మీ తెనాలి వృద్ధాశ్రమంలో భోజనాల వేళకి ఆయాలు చాలడం లేదనీ, తినిపించడానికి మాత్రమే కొత్తగా నలుగురిని పెట్టుకుంటున్నారనీ, వాళ్ళకి ఏం నేర్పాలో ఇక్కడి పద్ధతి రాసి పంపమనీ అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఉత్తరం. నువ్వు నర్సువి కాబట్టి పై పై మాటలు వదిలేసి పనిలోకి వస్తాను.

ఇక్కడ నర్సింగ్ హోముల్లో ఒకప్పుడు తినిపించాలంటే నర్సయినా ఉండాలి, కనీసం 75 గంటల శిక్షణ పొందిన నర్స్ ఎయిడ్ (మన ఆయా లాంటి మనిషి) అయినా ఉండాలి. 2003 సెప్టెంబరులో ఫెడరల్ ప్రభుత్వం ఆ నిబంధన సడలించి, జీతానికి తినిపించే సహాయకులను పెట్టుకోవచ్చంది. రాష్ట్రం ఆమోదించిన శిక్షణ కనీసం 8 గంటలు పూర్తిచేసి ఉండాలి. రాష్ట్రాలు కావాలంటే ఇంకా ఎక్కువ అడగొచ్చు. గదులు శుభ్రం చేసేవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు కూడా ఈ శిక్షణ తీసుకుని భోజనాల వేళ సాయానికి వస్తారు. సొంత పిల్లలకీ, ఊరికే సేవ చెయ్యడానికి వచ్చేవాళ్ళకీ ఈ నిబంధన వర్తించదు. కోవిడ్ వచ్చినప్పుడు 2020లో ఆ 8 గంటలను ఒక గంటకి తగ్గించారు, 2022లో మళ్ళీ ఎనిమిదికి తెచ్చారు. గంటలో నేర్పేది ఏముంటుంది, చెంచా పట్టుకోవడం తప్ప!

ఎనిమిది గంటల్లో ఏముండాలో కూడా రాసే ఉంది: తినిపించే పద్ధతి, తిండీ నీళ్ళూ అందించడం, మాట్లాడే తీరు, పెద్దవాళ్ళు విసుక్కున్నా మొండికేసినా ఎలా మెలగాలి, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలి, గొంతుకి అడ్డం పడితే హైమ్లిక్ పద్ధతి (వెనక నుంచి పొట్ట నొక్కి అడ్డం తొలగించడం), చేతుల శుభ్రత, వాళ్ళ హక్కులు, మనిషిలో మార్పు కనబడితే నర్సుకి చెప్పడం. నన్నడిగితే చివరిదానికే సగం సమయం ఇవ్వు. తినిపించడం మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎప్పుడు ఆపాలో, ఆపి ఎవర్ని పిలవాలో నేర్పాలి. నేను చూసినంతలో చెడేది అక్కడే.

ముందు ఎవరికి తినిపించవచ్చో నువ్వు తేల్చు. ఇది ఆయా తేల్చే సంగతి కాదు. మింగడం కష్టమైనవాళ్ళు, తిన్నది మాటిమాటికీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చుకున్నవాళ్ళు, ట్యూబు ద్వారా గానీ రక్తనాళం ద్వారా గానీ ఆహారం ఎక్కించుకునేవాళ్ళు, ఈ ముగ్గురి జోలికీ సహాయకులు పోకూడదని నిబంధన. మిగిలినవాళ్ళలో కూడా నర్సు పరీక్షించి, కేస్ షీట్లో రాసినవాళ్ళకే. పార్కిన్సన్స్, ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్ళు, ఆసుపత్రి నుంచి నిన్న తిరిగి వచ్చినవాళ్ళు నీ చేతిలోనే ఉండాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి పేరు, నువ్వు మళ్ళీ మింగించి చూసేదాకా, సహాయకులు తినిపించవచ్చనే జాబితాలో ఉండకూడదు.

ఆ జాబితా గోడకి అంటించి వదిలేస్తే లాభం లేదు. ప్రతి పూటా వడ్డనకి ముందు ఐదు నిమిషాలు నలుగురినీ నిలబెట్టి చెప్పు: ఇవాళ సరోజనమ్మగారికి జలుబు, ఆవిడకి నేనే పెడతాను, రామయ్యగారికి రాత్రి నిద్రమాత్ర పడింది, పూర్తిగా మెలకువ వచ్చేదాకా చెంచా ముట్టుకోవద్దు. నిన్న బాగా తిన్న మనిషి ఇవాళ మగతగా ఉండటం, నిన్నటి అలవాటు కొద్దీ ఆయా నోట్లో పెట్టెయ్యడం, ప్రమాదం సాధారణంగా ఇలాగే వస్తుంది.

శిక్షణ రెండు పూటలుగా పెట్టు, నాలుగేసి గంటలు. మొదటి పూట వాళ్ళనే జంటలుగా కూర్చోబెట్టి ఒకరికొకరు పెరుగన్నం తినిపించుకోమను. ఒకసారి కళ్ళకి గుడ్డ కట్టి, ఒకసారి ఏమీ మాట్లాడకుండా, ఒకసారి పెట్టేవాళ్ళు నిలబడి. నిలబడి పెడితే తినేవాళ్ళ తల తనంతట తనే వెనక్కి వాలుతుంది. గడ్డం పైకెత్తి గుటక వెయ్యడం ఎంత కష్టమో ఉమ్మి మింగి చూసుకోమను. అది చేశాక "కూర్చుని పెట్టండి" అని పదిసార్లు చెప్పే పని ఉండదు. రెండో పూట నువ్వు పక్కనుండగా నిజంగా ఒక పెద్దావిడకి తినిపించాలి. పేరు, తారీఖు, ఏం సరిగ్గా చేసింది, ఏం చెయ్యలేదు అన్నీ రాసి, నువ్వు సంతకం పెట్టి ఫైల్లో ఉంచు. ఇక్కడ తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే.

ఇక అసలు పని. వడ్డించకముందే కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడు పళ్ళు పెట్టి ఉండాలి. నోరు పుక్కిలించి, బాత్రూం అవసరం తీరి ఉండాలి. వీపు నిటారుగా, పాదాలు నేలకో పీటకో ఆని ఉండాలి. మంచం మీదయితే తలవైపు వీలైనంత ఎత్తి, మోకాళ్ళ కింద దిండు పెడితే జారిపోరు. జారిపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టడం సహాయకురాలి పని కాదు, శిక్షణ ఉన్న ఆయాని పిలవాలి. తను ఎదురుగా, కళ్ళు కళ్ళకి ఎదురుపడే ఎత్తులో కూర్చోవాలి. పక్షవాతం పాతదయి, జాబితాలో ఉన్నవాళ్ళయితే బాగున్న వైపు నుంచి పెట్టాలి. చూపు లేనివాళ్ళకి కంచంలో ఏది ఎక్కడుందో గడియారం లెక్కన చెప్పాలి: పన్నెండు దగ్గర పప్పు, మూడు దగ్గర కూర అని.

చెంచా అంటే టీస్పూను. అందులో సగం నుంచి నిండా, అంతే, అంటే 2.5 నుంచి 5 మి.లీ. చెంచా కింద నుంచి, ఎదురుగా రావాలి. పెదవి మూశాక నేరుగా బయటికి లాగాలి, పై పళ్ళకేసి గీకి వదలకూడదు. తర్వాత చేతిని ఒళ్ళో పెట్టుకుని గొంతు చూడాలి. కంఠం పైకి లేచి దిగితే ఒక గుటక అయినట్టు. అప్పటిదాకా రెండో చెంచా నింపకూడదు. ఎదురుగా నిండు చెంచా కనబడితే పెద్దవాళ్ళు తొందరపడి మింగేస్తారు. నాలుగైదు చెంచాలకి ఒకసారి ఒక గుక్క నీళ్ళు. నోట్లో దాచుకునేవాళ్ళు ఉంటారు, మధ్యమధ్య బుగ్గలోపల చూడాలి. ఒక మనిషికి ఇలా పెట్టాలంటే అరగంట పైనే పడుతుంది. పది నిమిషాల్లో అయిందని ఎవరైనా అంటే ఆ కంచం సగం చెత్తబుట్టలో ఉందనుకో, లేదా ఆ మనిషి గొంతులో ఉందనుకో. తిన్నాక నోరు శుభ్రం చేసి, కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి.

మన తిండిలో ఇక్కడి పుస్తకాలకి అందని చిక్కులు కొన్ని ఉన్నాయి. చారన్నం చూడటానికి మెత్తనే కానీ, అందులో పలచటి నీళ్ళూ గట్టి మెతుకులూ ఒకేసారి గొంతులోకి వస్తాయి. నీళ్ళు ముందే జారిపోతాయి, మెతుకు వెనకుంటుంది. బత్తాయి తొనలూ అంతే. పొడి ఉప్మా, అటుకులు, మరమరాలు నోట్లో చెదిరిపోతాయి. బాగా మెదిపిన పెరుగన్నం, నెయ్యి వేసి మెత్తగా కలిపిన పప్పన్నం మేలు. చేత్తో ముద్దలు పెట్టడం మనకి ప్రేమే కానీ, ముద్ద ఎంతో కొలవలేం, వేళ్ళు నోట్లోకి పోతాయి. అందుకని తినిపించేవాళ్ళకి చెంచానే అలవాటు చెయ్యి. తన చేత్తో తను తినగలిగే పెద్దాయన్ని మాత్రం తిననివ్వు, బట్టలు పాడైతే మారుద్దాం. మతిమరుపు జబ్బున్నవాళ్ళు కొందరు కంచంలో చెయ్యి పెట్టగానే ఎలా తినాలో గుర్తొచ్చి తినేస్తారు. మన అలవాట్లలో ప్రమాదమైనది ఒకటి ఉంది, గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవడం. తల వెనక్కి పోయి, నీళ్ళు నేరుగా శ్వాసనాళం మీద పడతాయి. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్ళకి వాళ్ళ గ్లాసు వాళ్ళకే కేటాయించి, పేరు రాసి, పెదవికి ఆనించి తాగమని ఒప్పించు.

చిక్కటి పానీయాలు డాక్టరు చెప్పినవాళ్ళు ఎలాగూ నీ చేతిలోనే ఉంటారు, కాబట్టి నీకోసం రెండు మాటలు. ఎంత చిక్కగా ఉందో కళ్ళతో అంచనా వెయ్యకు. 10 మి.లీ. సిరంజి, 0 నుంచి 10 గీతల మధ్య పొడవు 61.5 మి.మీ. ఉన్నది తీసుకుని, పిస్టన్ తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి నింపు. వేలు తీసి 10 సెకన్లు వదిలి మళ్ళీ మూయి. IDDSI అనే అంతర్జాతీయ కొలమానం ప్రకారం, 1 నుంచి 4 మి.లీ. మిగిలితే చిక్కదనంలో ఒకటో స్థాయి, 4 నుంచి 8 మిగిలితే రెండు, 8 దాటితే మూడు. ఒక్క చుక్కా కారకపోతే నాలుగు, అది చెంచాతో తినే చిక్కదనం. చిక్కబరచడానికి కలిపే పొడుల్లో పిండి రకానివి ఉమ్మి తగిలి పలచబడతాయి, గ్జాంథన్ గమ్ అనే జిగురు రకం నిలుస్తుంది. ఐస్‌క్రీం నోట్లో కరిగి నీళ్ళయిపోతుంది, చిక్కగా తాగాల్సినవాళ్ళకి అది నీళ్ళ కిందే లెక్క.

పొలమారితే మనం ఏం చేస్తాం? ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి, గబగబా నీళ్ళు తాగిస్తాం. నీ నలుగురి చేతా ముందు ఈ అలవాటు మానిపించు. గట్టిగా దగ్గుతున్నారంటే గాలి ఆడుతోందన్నమాట. దగ్గనివ్వాలి, తట్టకూడదు, నీళ్ళు అసలే వద్దు, చెంచా కింద పెట్టి నిన్ను పిలవాలి. తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, కళ్ళల్లో నీళ్ళు, ముఖం రంగు మారడం, ఊపిరి వేగం, ఇవీ పిలవాల్సినవే. కొందరికి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గే రాదు, కాబట్టి దగ్గలేదు కదా అని ధీమా పడొద్దు. మాట రాక, దగ్గు రాక, చెయ్యి గొంతు దగ్గరికి పోయిందంటే అది వేరే సంగతి. కేక వెయ్యాలి, మనిషిని వదిలి పరిగెత్తకూడదు. వీల్‌చైర్ బ్రేకు వెయ్యాలి. ముందుకి వంచి వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తర్వాత వెనక నుంచి బొడ్డుకి పైన, రొమ్ము ఎముకకి కింద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు సార్లు. అడ్డం తొలగేదాకా మార్చి మార్చి. కనబడని దానికోసం గొంతులో వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే పడుకోబెట్టి సి.పి.ఆర్. (ఛాతీ నొక్కుతూ ఊపిరి ఇవ్వడం) మొదలుపెట్టాలి. దీన్ని నెలకోసారి అందరి చేతా చేయించి చూడు.

మందుల సంగతి. మాత్ర నూరి అన్నంలో కలిపి "ఇది కూడా పెట్టెయ్యవే" అని సహాయకురాలికి ఇవ్వడం ఎంత పని ఒత్తిడి ఉన్నా చెయ్యొద్దు. మాత్ర నర్సుదే. అలాగే "కొంచెం, ఇంకొంచెం" అని కొసరి కొసరి పెట్టడం మన మర్యాద, కానీ పెదవులు బిగించి తల తిప్పుకున్న మనిషికి వద్దని చెప్పే హక్కు ఉంది. పావుగంట ఆగి మళ్ళీ అడగొచ్చు, ముక్కు మూసి నోరు తెరిపించడం ఎక్కడైనా తప్పే. తలమీదుగా ఇద్దరు ఆయాలు సీరియల్ కథ చెప్పుకోవడం కూడా ఇక్కడ తనిఖీలో తప్పుగా రాస్తారు.

ఎంత తిన్నారో పావు, సగం, ముప్పావు, పూర్తిగా అని రాయించు. అందరికీ అలవాటుగా ముప్పావు రాసేస్తారు, అందుకని రోజూ ఒక రెండు కంచాలు, ఎత్తెయ్యకముందే నువ్వే చూసి పోల్చు. నీళ్ళు మి.లీ.లలో. మీ స్టీలు గ్లాసు ఎంత పడుతుందో ఒకసారి కొలిచి గోడమీద రాయి. అందరినీ నెలకోసారి ఒకే తూకం మీద, ఒకే వేళకి తూచు. నెలలో 5 శాతం, మూడు నెలల్లో 7.5, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరుకి చూపించాలి. 60 కిలోల మనిషికి నెలలో 3 కిలోలన్నమాట.

పర్యవేక్షణ అంటే నువ్వు కూడా ఒకరికి పెడుతూ కూర్చోవడం కాదు. మొదటి నెల భోజనాల హాల్లో చేతులు ఖాళీగా పెట్టుకుని తిరుగు: ఎవరు నిలబడ్డారు, ఎవరి చెంచా గోపురంలా నిండింది, ఎవరి కంచం ఎవరి ముందుకి వచ్చింది. కంచాలు మారడం చాలా మామూలు. ప్రతి కంచం పక్కనా పేరు, ఫోటో, మెత్తదనం, షుగరు, పడని పదార్థాలు ఉన్న చీటీ పెట్టించు. పక్కవాళ్ళ జంతిక లాక్కునే తాతగారినీ, కొడుకు తెచ్చిన లడ్డూనీ కూడా చూసుకోవాల్సింది నువ్వే. నీకు సెలవైన రోజున మరో నర్సు లేకపోతే ఆ పూట సహాయకుల చేత తినిపించొద్దు. మీ మేనేజరుకి ఒక మాట ముందే చెప్పు: ఈ నలుగురూ వచ్చారని ఉన్న ఆయాలని తగ్గించడం కుదరదు. ఇక్కడ కూడా వీళ్ళని నర్సింగు సిబ్బంది లెక్కలో చూపనివ్వరు, ఎందుకంటే వీళ్ళు మనిషిని లేపరు, తిప్పరు, స్నానం చేయించరు.

కుర్చీలు కొనేటప్పుడు చేతులున్నవీ, పెద్దవాళ్ళ పాదాలు నేలకి ఆనేవీ చూడు. తినిపించేవాళ్ళకి చక్రాల స్టూళ్ళు వద్దు, జరిగిపోతాయి. నలుగురి పరీక్ష అయ్యాక చెక్‌లిస్టులు ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, ఎక్కడ గట్టిగా పట్టాలో చూసి చెబుతాను. అమ్మకి బీపీ మాత్ర మార్చారన్నావు, పేరు రాయలేదు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

మీ అక్క