ఆటిజం పిల్లలకు బొమ్మల టైంటేబుల్ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం ఉంది. గుంటూరులో ఏ బడికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: ‘కుదురుగా కూర్చుంటాడా?’ కూర్చునేలా గదిని సర్దుతామని ఎవరూ అనరు.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి చెవితో విన్నదానికంటే కంటితో చూసింది బాగా అర్థమవుతుంది. తర్వాత ఏం జరగబోతుందో తెలియకపోతే టెన్షన్ పడతారు. అరవడం, చెవులు మూసుకోవడం, గదిలోంచి పరుగెత్తడం చాలాసార్లు అందువల్లే. దాన్ని అల్లరి అని కొట్టిపారేయడం అన్యాయం.

దీనికి పద్ధతి ఉంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ బృందం తయారుచేసిన ‘టీచ్’ విధానం 1972లోనే ఆ రాష్ట్రమంతటా అమలైంది. అందులో పనికి ఒక బల్ల, ఆటకు ఒక చాప, తిండికి ఒక చోటు విడివిడిగా ఉంటాయి. గోడమీద ఆ రోజు పనులు బొమ్మల్లో వరసగా ఉంటాయి. ఒక పని అవగానే పిల్లవాడే ఆ బొమ్మ తీసి కవర్లో వేస్తాడు. బల్లమీద ఎడమపక్క చేయాల్సినవి, కుడిపక్క అయిపోయినవి వేసే డబ్బా. ఎంత పని ఉందో, ఎప్పుడు అవుతుందో, తర్వాత ఏముందో ఒకరు చెప్పక్కర్లేదు. బొమ్మ కూడా అర్థంకాని పిల్లలకు వస్తువే ఇస్తారు: చేతికి స్పూను ఇస్తే అన్నం వేళ అయిందని. ఇది అందరికీ ఒకే మూస కాదు, పిల్లవాణ్ణి బట్టి మారుతుంది, వాడు ఎదిగేకొద్దీ మారాలి కూడా. ఆటిజాన్ని పోగొట్టే మందు అని నేననడం లేదు. కానీ రోజంతా బడిలో గడిపే పిల్లవాడికి ముప్పావుగంట థెరపీ ఒక్కటే సరిపోదు.

సామానుకు పెద్ద ఖర్చు లేదు. అట్టలు, ఖాళీ స్వీటు డబ్బాలు, ఫోన్లో తీసిన ఫొటోల ప్రింట్లు చాలు. కావాల్సింది శిక్షణ పొందిన టీచరు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కని ఆ చట్టమే చెబుతోంది. సీటు ఇచ్చి వెనక బెంచీలో వదిలేస్తే అది విద్య కాదు.

ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మనకు భవిత కేంద్రాలున్నాయి. జిల్లాలోని ఆ కేంద్రాల్లో ఈ పద్ధతి మొదలుపెట్టి, ఒకటో తరగతి చెప్పే టీచర్లకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు అక్కడే శిక్షణ ఇప్పించాలి. పిల్లవాడు బడికి మారినప్పుడు వాడి బొమ్మల పట్టిక కూడా వాడితో వెళ్లాలి. వేసవి సెలవుల్లోనే ఈ శిక్షణ పూర్తిచేయించాలని జిల్లా విద్యాశాఖాధికారిని కోరుతున్నాను.

– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు