ఎత్తు మీద ఆగిన కారు

సంపాదకులకు నమస్కారం.

సాయంత్రం ఆరున్నరప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేచోట కాసేపు నిలబడి చూడండి. ముందు బండ్లు కదలగానే, మధ్యలో ఏదో ఒక కారు ముందుకు పోవాల్సింది పోయి జానెడు వెనక్కి జారుతుంది. వెనకున్న బైకతను కాళ్లతో నేలను తన్నుకుంటూ వెనక్కి జరుగుతాడు. ఇక హారన్లు మొదలు. రెండేళ్ల కిందట అలా జారిన కారు నాది.

నలభై ఆరేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు చేతికొచ్చి నెల కూడా కాలేదు. ఆ ఎత్తు మీద బ్రేక్ మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీదికి తెచ్చేలోపే బండి జారి, బంపర్ వెళ్లి వెనకున్న ఆటోకి తగిలింది. కంగారులో క్లచ్ వదిలేశాను, ఇంజన్ ఆగిపోయింది. ఆటో అతను దిగొచ్చాడు. తిడతాడనుకున్నాను. లోపలికి తొంగి చూసి, "హ్యాండ్ బ్రేక్ ఇంటికాడ పెట్టొచ్చినవా అక్కా?" అన్నాడు. అక్కడే, అంత రద్దీలో, కిటికీ పక్కన నిలబడి నాకు నేర్పాడు. వేలకు వేలు ఫీజు కట్టిన చోట రాని విద్య రెండు నిమిషాల్లో వచ్చింది.

నేను నేర్చుకున్న స్కూలు కారులో, అన్ని స్కూలు కార్లలాగే, నేర్పే ఆయన కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉండేవి. ఎత్తు రాగానే ఆయన కాళ్లే పనిచేసేవి. "మీరు స్టీరింగ్ చూసుకోండి మేడమ్" అనేవారు. బండి నేనే ఎక్కించానని మురిసిపోయేదాన్ని. హ్యాండ్ బ్రేక్ అంటే పార్కింగ్ చేశాక వేసేదనే చెప్పారు. టెస్టు రోజున కూడా ఎత్తు మీద ఆపి మళ్లీ తియ్యమని ఎవరూ అడగలేదు.

అడగాలని చట్టంలోనే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 15వది చూడండి. ఏటవాలు ఎత్తు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ సరిగ్గా వాడుకుంటూనో, ఫుట్ బ్రేక్, యాక్సిలరేటర్లతోనో, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించగలగాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. కొత్త చట్టాలేవీ అక్కర్లేదు, ఉన్నదాన్ని టెస్టులో పెడితే చాలు.

ఆటో అతను చెప్పింది ఇదే. ఎత్తు మీద ఆగగానే హ్యాండ్ బ్రేక్ లాగాలి. ముందు బండి కదులుతుందనగా ఫస్ట్ గేర్ వేసి, క్లచ్‌ని మెల్లగా పైకి వదలాలి. ఒకచోట ఇంజన్ చప్పుడు మారి కొంచెం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేచినట్టు ఉంటుంది. అక్కడ కాలు కదపకుండా పట్టి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించాలి. బండి ఒక్క అంగుళం కూడా జారదు. మొదట్లో రెండు మూడుసార్లు ఇంజన్ ఆగుతుంది, ఆగనివ్వండి.

ఇది రానివాళ్లు చేసేదేమిటంటే, ఎత్తు మీద ఆగినంతసేపూ హాఫ్ క్లచ్‌తోనే, అంటే క్లచ్‌ని సగం వదిలి పట్టుకుని, బండిని నిలబెట్టుకుంటారు. బ్రేక్ చెయ్యాల్సిన పని క్లచ్ ప్లేటు చేస్తుంది. అది రాసుకుని రాసుకుని వేడెక్కి మాడు వాసన వస్తుంది. ఆ వాసన ముందు బండి నుంచి అనుకుని నేను అద్దాలు ఎక్కించేదాన్ని! చివరికి మా మెకానిక్ ప్లేటు విప్పి చూపించాడు, నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది.

సమంగా ఉన్న రోడ్డు మీదా ఇదే అలవాటు. సిగ్నల్ దగ్గర అంకె 90 చూపిస్తుంటే కూడా గేరులోనే ఉంచి క్లచ్ తొక్కి కూర్చుంటాం. న్యూట్రల్ చేసి కాలు తీసేస్తే మోకాలికీ, బండికీ హాయి. నత్తనడక ట్రాఫిక్‌లో ముందు బండికి అంటుకుని అడుగడుగుకీ క్లచ్ తొక్కేకంటే, ఒక కారు పొడవు ఖాళీ రానిచ్చి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలి మెల్లగా పోవడం మేలు. ఆ ఖాళీలోకి బైకులు దూరతాయి, నిజమే. దూరనివ్వండి, వాళ్లెలాగూ దూరతారు.

ఆటోమేటిక్ కొనుక్కుంటే ఈ తంటా లేదు కదా అంటారు మావారు. ఉన్న బండికే ఇంకా మూడేళ్ల ఈఎంఐ ఉంది.

రవాణా శాఖ వారికి నా విన్నపం. స్కూళ్లకు ఆ కేంద్ర నిబంధనలు పెట్టిన లెక్క ప్రకారం 21 రోజుల శిక్షణలో కనీసం 10 గంటలు బండి నడిపించాలి. అందులో ఒక గంట, రద్దీ వేళ, నిజమైన ఎత్తు మీద, నేర్పేవారు తన పెడళ్ల మీంచి కాళ్లు తీసేసి నేర్పేలా చూడండి. ట్రాఫిక్ పోలీసులు ఫ్లైఓవర్లు ఎక్కేచోట "ముందు బండికి దూరంగా ఆగండి" అని ఒక బోర్డు పెడితే మరీ మంచిది. ఎత్తు మీద ముందు కారుకి ముద్దు పెట్టేంత దగ్గరగా ఆగి, అది జారగానే హారన్ కొట్టేవాళ్లకు ఆ బోర్డు కనిపించేంత పెద్దదిగా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మోతీనగర్, హైదరాబాద్