గర్భం పోతే ఇవ్వాల్సిన ఆరు వారాల సెలవు సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో గర్భం నిలవకపోవడం మీద వేసిన వ్యాసం చదివిన దగ్గర్నుంచీ రాద్దామనుకుంటూనే ఉన్నా, ఇవాళ్టికి కుదిరింది. బొప్పాయి తినొద్దు, మెట్లెక్కొద్దు, ఆటోలో తిరగొద్దు... దీనికి పేపరెందుకండీ, మా వీధి అరుగు చాలదూ?

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. గర్భమని తెలిశాక కూడా నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా అవుతుంటాయి. మంచం దిగకుండా పడుకుంటే నిలుస్తుందనడానికి ఆధారమే లేదు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: వయసు, అదుపులో లేని షుగరు, థైరాయిడ్, సిగరెట్ పొగ. మీ వ్యాసంలో థైరాయిడ్‌కి ఒక్క ముక్క దక్కింది, సిగరెట్ ఊసే లేదు. మగాళ్లు నొచ్చుకుంటారనేమో!

మొన్న మా కోడలికి ఇదే జరిగింది. స్కానింగులో గుండె చప్పుడు లేదన్నారు, అది మాకింకా బుర్రకెక్కకముందే "రేపు పొద్దున ఏమీ తినకుండా డీఎన్‌సీకి (గర్భసంచి గీకి శుభ్రం చేయడానికి) రండి" అని చీటీ రాసిచ్చారు. బ్లీడింగ్ ఎక్కువ లేక, జ్వరం లేకపోతే కొన్నాళ్లు ఆగి చూడొచ్చట, మాత్రలతోనూ అవుతుందట, తీయాల్సే వస్తే గీకే పద్ధతి మానేసి వాక్యూమ్ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో చెబుతోందట. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలని కూడా అక్కడెవరూ చెప్పలేదు. బిల్లు మాత్రం అర్థమయ్యేలా వివరించారు.

ఇక మా కోడలి ఆఫీసు వాళ్లయితే "డెలివరీ కాలేదు కదమ్మా, సిక్ లీవు పెట్టుకో, అదీ లేకపోతే జీతం కట్" అన్నారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే గర్భస్రావమైతే ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. డాక్టరు సర్టిఫికెట్ పెడితే చాలు. ఆ నియమం వచ్చి అరవై ఏళ్లు దాటినా హెచ్‌ఆర్‌లో కూర్చున్న వాళ్లకే తెలియదంటే, లేబర్ అధికారులు తనిఖీలకు వెళ్లి టీ తాగి వస్తున్నారా? హెల్మెట్‌కి హోర్డింగులు, స్వచ్ఛతకి గోడ రాతలు, నాయకుల పుట్టినరోజుకి ఫ్లెక్సీలు! ఏ ఆస్పత్రి గోడ మీదైనా ఈ సెలవు గురించి ఒక్క బోర్డు చూశారా మీరు?

వాళ్లెలాగూ పెట్టరు. కనీసం మీరైనా ఈ సెలవుకి ఎవరు అర్హులో, ఏ కాగితాలు కావాలో, ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో వేయండి.

- ఒక పాఠకురాలు, తణుకు