ఆ డీఎల్ఎల్ ఫైలు గొడవ

డబ్లిన్

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎర్రర్ పెట్టె ఫొటో చూశాను. పెళ్లికార్డుల సీజన్లో డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే ఎంత టెన్షనో తెలుసు. అయినా ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్న ఆ రిపేరతనికి ఇప్పుడే సిస్టమ్ అప్పజెప్పకు. ఫోన్లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నా.

ఎర్ర ఇంటూ గుర్తు చూసి కంగారుపడ్డావు గానీ, పక్కనున్న అక్షరాలు చదివావా? ‘ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ దొరకలేదు’ అని, ఏ ఫైలు లేదో పేరుతో సహా అదే చెబుతోంది. డీఎల్ఎల్ అంటే పది ప్రోగ్రాములకూ ఉమ్మడిగా పనికొచ్చే ఫైలు. మన రామాలయంలో ఉండే వంట గుండిగల్లాంటిదనుకో. ఎవరింట్లో పెళ్లయినా అవే తెచ్చుకుంటారు, ఎవరికి వాళ్లు కొనుక్కోరు. విజువల్ సీ ప్లస్ ప్లస్‌తో (ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పనిముట్టు) తయారైన ప్రోగ్రాములు చాలావరకు ఈ ఫైలుని తమ ఫోల్డర్లో పెట్టుకోవు, విండోస్ ఫోల్డర్లో ఉన్నదాన్నే వాడుకుంటాయి. పాత సిస్టమ్‌లోంచి ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి కొత్తదాంట్లో వేశానన్నావు చూడు, తేడా అక్కడే వచ్చింది. ఫోల్డరైతే వచ్చింది గానీ, ఈ ఫైలు పాత విండోస్‌లోనే ఉండిపోయింది. సెటప్ రన్ చేసి ఇన్‌స్టాల్ చేసుంటే మామూలుగా అదీ తోడుగా దిగేది.

గూగుల్లో ఆ ఫైలు పేరు కొడితే ‘ఉచిత డౌన్‌లోడ్’ అంటూ బోలెడు సైట్లు వస్తాయి. వాటి జోలికి పోకు. లోపల ఎవడు ఏం కలిపాడో తెలీదు. మంచి ఫైలే దొరికినా, దాని తోటిది వీసీరన్‌టైమ్140 లేదంటూ ఇంకో పెట్టె రావచ్చు. మైక్రోసాఫ్ట్ సొంత సైట్లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని ఈ ఉమ్మడి ఫైళ్ల ప్యాకేజీ ఉంటుంది. రెండు ఫైళ్లూ అందులోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేసుకో. నీది 64 బిట్ విండోసే అయినా సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది అయ్యుండొచ్చు. తమాషా ఏంటంటే, 64 బిట్ ఫైళ్లుండే ఫోల్డర్ పేరు సిస్టమ్32, 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64! డీఎల్ఎల్‌ని చేత్తో కాపీ చేసేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

ఫైలు ఉండీ పాడైతే అది వేరే సంగతి. విండోస్ సొంత ఫైలైతే కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైప్ చేసే విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’ అని ఇంగ్లీషులో కొట్టు. చెడిపోయినవాటిని వెతికి మార్చడానికి చూస్తుంది. మాటిమాటికీ ఏదో ఒక ఫైలు పాడవుతుంటే మాత్రం హార్డ్‌డిస్కునే అనుమానించాలి, కస్టమర్ల డిజైన్లు ముందు బ్యాకప్ తీసుకో. క్రాక్ చేసిన దొంగ సాఫ్ట్‌వేర్ వేస్తే యాంటీవైరస్ దాని డీఎల్ఎల్‌ని క్వారంటైన్‌లో, అంటే విడిగా బంధించి, పడేయొచ్చు, అప్పుడూ ఇలాంటి పెట్టే వస్తుంది. నువ్వు అలాంటివి వేయవనే అనుకుంటున్నా!

రీడిస్ట్రిబ్యూటబుల్ వేశాక ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. అప్పటికీ తెరుచుకోకపోతే ఆ ఫోల్డర్ తీసేసి అసలు సెటప్‌తోనే ఇన్‌స్టాల్ చెయ్యి. ఆదివారం ఫోన్ చేస్తాను, సిస్టమ్ ముందు కూర్చో. నాన్నని బీపీ మాత్రలు మానొద్దని చెప్పు.

మీ అక్క