గొయ్యి తవ్వితే గ్రానైట్ నీళ్లు తేటపడవు మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ గనుల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను మున్సిపాలిటీ మంచినీళ్ల ఫిల్టర్ హౌస్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర మాకు రెండెకరాల మిరప చేను ఉంది. గట్టు అవతల గ్రానైట్ కటింగ్ యూనిట్. దాని పేరు రాయను. తప్పు ఆ యజమాని ఒక్కడిదే అయితే ఈ ఉత్తరం ఆయనకే రాసేవాణ్ణి.

రాయి కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా, దుమ్ము లేవకుండా నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆ నీళ్లు రాతిపొడిని మోసుకుని సిమెంటు రంగు బురదగా బయటికొస్తాయి. తనిఖీకి వచ్చినవాళ్లు బురద అడుక్కి దిగే సెట్లింగ్ ట్యాంకు ఉందా అని అడుగుతారు, యజమాని గొయ్యి చూపిస్తాడు, కాగితం మీద టిక్కు పడుతుంది. గట్టి వాన పడితే ఆ గొయ్యి పొంగి మా చేలోకి వస్తుంది. ఎండాక నేల మీద అట్ట కట్టినట్టు పొర మిగులుతుంది. దాని కింద నీరింకదు, మొలక పైకి రాదు.

గొయ్యి ఎందుకు పనిచేయదో లెక్క వేసి చూడండి. పది మైక్రాన్ల రాతి రేణువు కదలని నీళ్లలో మీటరు లోతు దిగడానికి సుమారు మూడు గంటలు చాలు. ఒక మైక్రాన్ రేణువుకైతే పన్నెండు, పదమూడు రోజులు పడుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రోజూ కొత్త నీళ్లు వచ్చి పడే గోతిలో అన్ని రోజుల నిలకడ ఎక్కడిది? పైగా ఈ సన్న రేణువులన్నిటి మీదా ఋణావేశమే (నెగటివ్ చార్జి). ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి.

మంచినీళ్ల ప్లాంటులో మేం రోజూ చేసిన పని దీనికి విరుగుడు. పటిక వేస్తే నీళ్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. అది జావలాంటి జెల్. దూదిపింజల్లా విచ్చుకుని, కిందికి దిగుతూ దారిలో దొరికిన సన్నపొడినంతా తనలో చిక్కించుకుంటుంది. మా నాయనమ్మ కుండలో ఇండుప గింజ అరగదీసి చెరువు నీళ్లు తేటపరిచేది. అదీ ఈ కోవలోదే.

కాకపోతే ఇందులో చేతి నేర్పు కావాలి. పటిక పడగానే ఒక నిమిషం జోరుగా కలపాలి, తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలు మెల్లగా. కొత్తలో నేను హుషారుగా కలిపేసి ఆ పింజలన్నీ చెడగొట్టి, మా ఫోర్‌మన్‌తో బాగా తిట్లు తిన్నాను. నీళ్లలో క్షారగుణం తక్కువైతే కాస్త సున్నం కలపాలి. మోతాదు ఏ రోజుకారోజు జార్ టెస్టు చేసి, అంటే వరస గ్లాసుల్లో వేరువేరు మోతాదుల పటిక వేసి చూసి, తేల్చుకోవాలి. పాలీయాక్రిలమైడ్ అనే పాలిమర్ లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు వేసినా పనిచేస్తుంది, కానీ నాసిరకం సరుకులో మిగిలిపోయే ఆక్రిలమైడ్ విషం. కొనేవాడికి ఆ సంగతి తెలిసుండాలి.

ఇదంతా ఒక్కో చిన్న యూనిట్ నెత్తిన పెడితే వాళ్లు చేయలేరు, చేసినట్టు చూపిస్తారు. అందుకే యూనిట్లు గుంపుగా ఉన్నచోట ఉమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టించండి. తేరిన నీళ్లు మళ్లీ బ్లేడు కిందికే పోతాయి; వేసవిలో ట్యాంకరు కొనేవాళ్లకు అదే పెద్ద లాభం. అడుగున చేరిన బురదను ఫిల్టర్ ప్రెస్‌లో పిండితే వచ్చే గట్టి బురద బిళ్లలు ఇటుకల్లో వాడుకోవచ్చేమో పరీక్ష చేయించండి. రోడ్డు పక్కన మాత్రం పోయనీయకండి, ఎండితే గాలికి లేచి ఇళ్లలోకే వస్తుంది.

తనిఖీలో గొయ్యి ఉందా లేదా అన్నది కాదు, నీళ్లు ఎంత తేరాయో కొలిపించండి. వాగుల్లోకి వదిలే నీటిలో తేలే ఘనపదార్థం లీటరుకు 100 మిల్లీగ్రాములు, సాగునేల మీదికైతే 200 దాటకూడదని పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఎప్పటినుంచో ఉంది. కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

మీరు చీమకుర్తి వైపు వస్తే అరగంట కేటాయించండి. ఆరు గాజుగ్లాసులు, పావుకిలో పటిక నేను తెస్తాను. బురదనీళ్లు ఇక్కడే దొరుకుతాయి.

ఇట్లు,
చీమకుర్తి మండల రైతు ఒకడు