సంచి అడుగున నలిగే కాగితాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడగానే మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది: "మేడం, వర్క్‌షీట్లు కనబడటం లేదు, ఇంకో సెట్ ఇస్తారా?" తప్పకుండా ఇస్తాం. కాకపోతే ముందు పిల్లల సంచి ఒకసారి బోర్లించి చూడండి. పోయిందనుకున్న కాగితం చాలాసార్లు అడుగున ఉండలా నలిగి దొరుకుతుంది.

ఈ వారం పిల్లలందరికీ రెండు అరల ఫోల్డర్ ఇస్తున్నాం. ఒక అర మీద 'ఇంటికి', రెండో దాని మీద 'బడికి' అని ఉంటుంది. క్లాసులో ఇచ్చిన షీటు మొదటి అరలో ఇంటికొస్తుంది. రాయడం అయ్యాక రెండో అరలోకి మారుతుంది. ఆ మార్చే పని పిల్లలదే. మీరు చేస్తే చిటికెలో అయిపోతుంది, నిజమే. కానీ మర్నాడు టీచర్ అడిగితే "అమ్మ పెట్టలేదు మిస్" అంటారు. ఆ జవాబు మాకు బాగా అలవాటే!

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. వర్క్‌షీటులో తప్పులుంటే చెరిపించి, సరైన జవాబు రాయించి పంపకండి. 52లోంచి 27 తీసేసి 35 అని రాసిన షీటు చూడగానే, ఈ పిల్ల ఏడులోంచి రెండు తీసేసిందని టీచర్‌కి అర్థమవుతుంది. అప్పు తెచ్చుకోవడం మళ్లీ కూర్చోబెట్టి చెబుతారు. ఇంట్లోనే 25 అని దిద్దేస్తే, పిల్లకు లెక్క వచ్చేసిందనుకుని తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. తప్పుల షీటు పంపడానికి మొహమాటపడకండి, దానికి మార్కులు తగ్గించం.

ఇక బరువు. సంచి పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని సాధారణంగా చెబుతారు. అంటే 25 కిలోల పిల్లవాడికి రెండున్నర కిలోలు. అందులో లీటరు నీళ్లకే ఒక కిలో పోయింది. మామూలు ఏ4 కాగితం సుమారు 5 గ్రాములుంటుంది కాబట్టి, పాత షీట్లు వంద పేరుకుంటే అర కిలో ఊరికే మోస్తున్నట్టు. పాఠం అయిపోయిన షీట్లు తీసి ఇంట్లో సబ్జెక్టువారీగా ఫైల్ చేయించండి. ఏడాది పరీక్షలు అయ్యేదాకా పారేయొద్దు.

అట్లాసు, డిక్షనరీ లాంటివి క్లాసు బీరువాలోనే ఉంటాయి. మిగతా పుస్తకాలు టైంటేబుల్ చూసుకుని రాత్రే సర్దుకోమనండి. పొద్దున బయల్దేరే టెన్షన్‌లో సర్దిన సంచిలో సోషల్ ఉండాల్సిన చోట సైన్స్ ఉంటుంది. చిన్న తరగతుల పిల్లలైతే పక్కన కూర్చుని పేర్లు చదివి చెప్పండి చాలు, పుస్తకాలు వాళ్లే పెట్టుకుంటారు.

పేరు, తరగతి, సెక్షన్ అట్ట మీదే కాకుండా లోపలి మొదటి పేజీలో కూడా రాయించండి, అట్టలు ఊడిపోతుంటాయి. పుస్తకం పోతే కొత్తది కొనే ముందు ఆఫీసు పక్కనున్న 'దొరికిన వస్తువులు' పెట్టె వెతకమనండి. ఎవరివో తెలియక అందులో పడి ఉన్నవి ఎక్కువగా పేరు లేని పుస్తకాలే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు